రహదారి గీతలు – వేగం, ఎడం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రహదారిపై గీసిన గీతకు వాహనాన్ని ఆపే శక్తి లేదు. అది గోడ కాదు, కంచె కాదు. చక్రం దానిమీదుగా సునాయాసంగా సాగిపోతుంది. అయినప్పటికీ వందేళ్లకు పైగా అది చోదకుల నడవడిని ప్రభావితం చేస్తూనే ఉంది. ఎదురెదురు వాహనాలను విడదీయడానికి పుట్టిన గీత, కాలక్రమంలో వేగాన్ని తగ్గించే సాధనంగానూ, ముందు వాహనంతో పాటించవలసిన ఎడానికి కొలబద్దగానూ మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మధ్యగీత ఆవిర్భావం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, వేన్ కౌంటీ రహదారుల సంఘ సభ్యుడు ఎడ్వర్డ్ హైన్స్ చొరవతో 1911లో రివర్ రోడ్డుపై మధ్యగీత గీయబడింది. కారుతున్న పాలబండి దారి పొడవునా విడిచిన తెల్లని చార ఆయనకు ఈ ఆలోచన కలిగించిందని ప్రచారంలో ఉంది. 1917లో కాలిఫోర్నియాలోని ఇండియోలో వైద్యురాలు జూన్ మెక్‌కారల్ స్వయంగా రోడ్డుపై నాలుగు అంగుళాల వెడల్పు గల గీత గీసినట్లు చెబుతారు. ఎదురుగా వచ్చిన లారీ వల్ల ఆమె కారు రోడ్డు దిగవలసి రావడం అందుకు ప్రేరణ. 1924లో ఆ రాష్ట్రం మధ్యగీతను అధికారికంగా స్వీకరించింది. ఈ తొలిదశలో గీత లక్ష్యం ఒక్కటే: ఎవరి పక్కన వారు వెళ్లడం. వేగం అప్పటికింకా దాని పరిధిలోకి రాలేదు.

దృష్టిని ఆకట్టిన అడ్డగీతలు

మోటారు మార్గాల విస్తరణతో కొత్త సమస్య తలెత్తింది. చాలాసేపు అతివేగంగా ప్రయాణించిన చోదకుడి కన్ను ఆ వేగానికి అలవాటు పడుతుంది. తరువాత వేగం తగ్గించినా, తాను నిజంగా వెళ్తున్న దానికంటే నెమ్మదిగా వెళ్తున్నట్లు భ్రమిస్తాడు. అందుకే మోటారు మార్గం ముగిసే కూడళ్ల వద్ద ప్రమాదాలు జరిగేవి. బ్రిటన్‌లో గోర్డన్ డెంటన్ ఈ భ్రమకు మరొక భ్రమనే విరుగుడుగా ప్రయోగించాడు. స్కాట్లండ్‌లోని న్యూబ్రిడ్జ్ కూడలికి ముందు రోడ్డుకు అడ్డంగా, క్రమంగా దగ్గరవుతూ పోయే చారలు వేయించాడు. వేగం మారకపోతే చారలు అంతకంతకూ త్వరగా వెనక్కి జారుతాయి. బండి వేగం పెరుగుతున్నట్లు తోచి కాలు బ్రేకు మీదికి వెళ్తుంది. ఇటువంటి పసుపు చారలు వేసిన స్థలాలపై 1981లో వెలువడిన అధ్యయనం, వేగానికి సంబంధించిన ప్రమాదాలు సగానికి పైగా తగ్గినట్లు తేల్చింది. 2006లో షికాగో నగరం లేక్ షోర్ డ్రైవ్ మలుపు వద్ద ఇదే సూత్రాన్ని అనుసరించగా, తొలి ఆరు నెలల్లో ప్రమాదాలు అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 36 శాతం తగ్గాయి.

ఎడానికి కొలబద్ద

వేగం కంటే ఎడాన్ని అంచనా వేయడం కష్టం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు సుమారు 28 మీటర్లు కదులుతుంది. రెండు సెకన్ల నియమం ప్రకారం దాదాపు 56 మీటర్ల ఎడం ఉండాలి. కానీ ఖాళీ రోడ్డుపై 56 మీటర్లను కంటితో కొలిచే ఆధారం ఏదీ ఉండదు. 1990 దశకంలో బ్రిటన్ ఎం1 మార్గంపై 40 మీటర్లకొకటి చొప్పున బాణపుమొన గుర్తులు వేసి, ముందు వాహనంతో రెండు గుర్తుల ఎడం పాటించమని సూచించారు. మరీ దగ్గరగా అనుసరించే ధోరణి, ప్రమాదాలు రెండూ తగ్గాయి. ఫ్రాన్స్‌లో దీనికి ప్రత్యేక గుర్తులు కూడా అవసరం కాలేదు. అంచునున్న పొడవాటి గీతలే కొలతలయ్యాయి: ఒక గీత ఎడం ప్రమాదకరం, రెండు గీతల ఎడం క్షేమం.

గీత తెచ్చే ధీమా

అయితే ప్రతి గీతా వేగాన్ని తగ్గించదు. దారి స్పష్టంగా కనిపిస్తే చోదకుడికి ధీమా పెరుగుతుంది. ధీమాతో పాటు వేగమూ పెరగవచ్చు. అంచుగీతలపై వచ్చిన అధ్యయనాలను 2004లో డచ్ పరిశోధకులు క్రోడీకరించగా, సగటు వేగంపై వాటి ప్రభావం అన్నిచోట్లా ఒకేలా లేదని తేలింది. ఏ గీతా లేని రోడ్డుకు అంచుగీత చేర్చితే వేగం పెరిగే ధోరణి, మధ్యగీతకు బదులుగా అంచుగీత వేస్తే తగ్గే ధోరణి కనిపించాయి. లండన్‌లో కొన్ని రోడ్లపై మధ్యగీతను తొలగించి చూడగా వేగం తగ్గినట్లు 2014 నాటి నివేదిక పేర్కొంది. రక్షణ కోసం పుట్టిన గీతను రక్షణ కోసమే చెరిపివేయడం ఈ చరిత్రలో గమనించదగిన మలుపు.

భారతీయ సందర్భం

1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, రహదారి గుర్తులపై తన ప్రమాణ గ్రంథం ఐఆర్‌సి 35ను 1970లో వెలువరించింది. 2015లో దానిని విస్తృతంగా సవరించింది. తెలుగు రాష్ట్రాల రహదారులపై ఊళ్లకు, కూడళ్లకు ముందు కనిపించే దళసరి అడ్డచారలు కంటితో పాటు ఒంటినీ హెచ్చరిస్తాయి. చక్రాల అదురు చోదకుడికి తెలుస్తుంది. కానీ ఎడాన్ని కొలిచే గుర్తులకు ఇటువంటి ప్రాచుర్యం లేదు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ బాహ్యవలయ రహదారి వంటి అతివేగ మార్గాలకు ఎం1 అనుభవం ఈ కారణంగానే ప్రాసంగికమవుతుంది.

ముగింపు

గీత చట్టాన్ని గుర్తుచేయడం ద్వారా కంటే దృష్టిని ప్రభావితం చేయడం ద్వారానే ఎక్కువగా పనిచేస్తుందని ఈ చరిత్ర సూచిస్తుంది. కనుక ఎక్కడ గీయాలన్న దానితో పాటు, ఆ గీత చోదకుడిలో జాగ్రత్తను పెంచుతుందా, ధీమాను పెంచుతుందా అన్నదీ పరిశీలించవలసిన ప్రశ్నే. దుమ్ముకు, వానలకు చెరిగిపోయిన గీత ఈ రెండింటిలో ఏదీ చేయలేదు.