గంగ వేషం వేసినామె

తెలుగు సినిమా పుట్టుకను తండ్రీకొడుకుల కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. రఘుపతి వెంకయ్య 1910లో క్రోనోమెగాఫోన్ కొని బర్మా, సింహళం దాకా తిరిగి బొమ్మలు ఆడించాడు. మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. సినిమా తీయడం నేర్చుకు రమ్మని కొడుకు సూర్యప్రకాశ్‌ని విదేశాలకు పంపాడు. ఆ ప్రకాశ్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. భీష్ముడి వేషమూ తనదే, దర్శకత్వమూ తనదే. టాకీలు వచ్చాక కూడా నిలబడ్డాడు. 1940లో కన్నాంబతో ‘చండిక’, అదే ఏడాది ‘బారిస్టర్ పార్వతీశం’ తీశాడు.

ఇదంతా నిజమే. కానీ ఆ మొదటి సినిమాలో భీష్ముడికి తల్లి ఉంది. గంగ వేషం వేసినామె పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ స్త్రీ. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1913లో, ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి వేషం మగవాడే వేశాడు. ‘సంసారి’ స్త్రీలకు తెర నిషిద్ధమైన రోజులవి. ఆ కట్టుబాటుకు బయట ఉన్న స్త్రీ వచ్చి మన పురాణ మాతను తెర మీద నిలబెట్టింది. ప్రకాశ్‌కి చరిత్రలో అధ్యాయం దక్కితే, ఆమెకు చాలా పుస్తకాల్లో దక్కింది ఒక్క వాక్యం.

నేనుండే సోంపేట 1921లో గంజాం జిల్లాలోది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు సరిహద్దు మాకు ఉత్తరాన పడింది. సంతలో తెలుగూ ఒడియా కలిసే వినబడే ఈ ఊళ్లో కూచుని ఆలోచిస్తే నాకొక సందేహం వస్తుంది. మాటలే లేని సినిమాకి భాష ఎక్కడిది? ‘భీష్మ ప్రతిజ్ఞ’ను తెలుగువాళ్ల తొలి సినిమా అంటున్నది తీసినవాళ్లు తెలుగువాళ్లు కాబట్టే. అంటే సినిమాకి కులగోత్రాలు తండ్రి వైపు నుంచే లెక్కించాం. ఆ లెక్కలో గంగ పరాయిదైపోయింది.

నటన నుంచి దర్శకత్వానికి వెళ్లే దారి ఆడవాళ్లకు అసలే లేదా? ఉంది. మూకీల్లో నటించిన ఫాత్మా బేగం 1926లో ‘బుల్‌బులే పరిస్తాన్’ తీసింది. మూకీల నుంచే వచ్చిన టి.పి. రాజలక్ష్మి 1936లో తమిళంలో ‘మిస్ కమల’కు దర్శకత్వం వహించింది. తెలుగులో మాత్రం 1953లో భానుమతి ‘చండీరాణి’ దాకా ఆగాల్సి వచ్చింది. ప్రకాశ్ మొదటి సినిమాకీ దానికీ మధ్య ముప్ఫై రెండేళ్లు.

ప్రకాశ్ ప్రతిభ తక్కువని కాదు. అతనికి పంపించే తండ్రి, ఖర్చుపెట్టే డబ్బు, ఓడెక్కే స్వేచ్ఛ ఉన్నాయి. వాటిని ప్రతిభలో కలిపేసి చరిత్ర రాస్తే, అవి లేనివాళ్లు ప్రతిభ కూడా లేనివాళ్లుగా మిగిలిపోతారు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు ఇప్పుడు లేదు. మిగిలింది మనం చెప్పుకునే మాట ఒక్కటే. ఆ మాటలో ప్రకాశ్ పక్కన పెగ్గీ కాస్టెల్లో పేరు కూడా చేర్చి చెప్పడానికి మనకు ఏ ప్రింటూ అక్కర్లేదు.