పాత ఫ్రెంచి చిన్నకార్లకు విద్యుత్ మోటారు: అండమాన్ దీవులలో లెక్క ఎలా ఉంటుంది?

పెట్రోలు ఇంజనుతో తయారైన పాత కారులో ఆ ఇంజను తీసివేసి, విద్యుత్ మోటారు, బ్యాటరీ అమర్చి, అదే రిజిస్ట్రేషన్‌తో మళ్లీ రోడ్డెక్కించే పద్ధతికి ఫ్రాన్స్ ప్రభుత్వం 2020 మార్చి 13 నాటి ఉత్తర్వుతో స్పష్టమైన నిబంధనలు ఏర్పరచింది. అయిదేళ్లు దాటిన కార్లకు ఈ అవకాశం ఉంది. మార్పు తరువాత బండి బరువు మొదటి బరువుకన్నా 20 శాతానికి మించి పెరగకూడదు. ఈ మార్పిడిని ‘రెట్రోఫిట్’ అంటారు. ఆ దేశంలో దీనికి ముందుగా ఆకర్షితులైనవారిలో సిట్రోయెన్ డూషెవో, మెహారి, రెనో 4 వంటి పాత చిన్నకార్ల అభిమానులు ఉన్నారు. 2023 సెప్టెంబరులో రెనో కంపెనీయే ఆర్-ఫిట్ అనే సంస్థతో కలసి రెనో 4 కారుకు ఒక కిట్‌ను ప్రకటించింది. బ్యాటరీ సామర్థ్యం 10.7 యూనిట్లు, ఒకసారి చార్జి చేస్తే ప్రయాణించే దూరం సుమారు 80 కిలోమీటర్లు, ధర 11,900 యూరోలు. మన లెక్కలో పది లక్షల రూపాయలకు పైమాటే.

విశాలమైన దేశంలో 80 కిలోమీటర్లంటే చాలదనిపిస్తుంది. దీవిలో నివసించేవారికి అది తక్కువేమీ కాదు. పెట్రోలు, డీజిలు ఓడల మీద రావలసిన అండమాన్ నికోబార్ దీవులకు ఇలాంటి మార్పిడి ఎంతవరకు అక్కరకు వస్తుందన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. కారును మార్చడం ఇందులో తేలికైన భాగం. చార్జింగుకు వాడే కరెంటు ఎలా తయారవుతుంది, చట్టం దేనిని అనుమతిస్తుంది అన్న రెండు విషయాలే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

డూషెవో అంటే ఫ్రెంచిలో ‘రెండు గుర్రాలు’ అని అర్థం. అది ఇంజను బలాన్ని కాక, పన్ను లెక్కలోని వర్గాన్ని సూచించే పేరు. సిట్రోయెన్ అధిపతి పియెర్ బూలాంజే 1930వ దశకంలో తన ఇంజనీర్లను కోరిన కారు చాలా సాదాసీదాది. ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు పట్టాలి. దున్నిన పొలంలో నడిపినా బుట్టలోని కోడిగుడ్లు పగలకూడదు. 1948 పారిస్ మోటారు ప్రదర్శనలో ఆ కారు ప్రజల ముందుకు వచ్చినప్పుడు దాని ఇంజను 375 సీసీ, శక్తి 9 హార్స్‌పవర్. గాలితో చల్లబడే రెండు సిలిండర్ల ఇంజను కావడంతో రేడియేటరు అవసరమే లేకపోయింది. అదే చట్రం ఆధారంగా 1968లో వచ్చిన మెహారి శరీరం ఇనుప రేకుతో కాక ప్లాస్టిక్‌తో తయారైంది. సముద్రతీరపు ఊళ్లలో అది ప్రియమైన బండి కావడానికి ఇదీ ఒక కారణం. 1961లో మొదలైన రెనో 4 ఎనభై లక్షలకు పైగా అమ్ముడైంది.

ఈ కార్లు మార్పిడికి అనువుగా ఉండడానికి ప్రధాన కారణం బరువు. డూషెవో దాదాపు 600 కిలోలు మాత్రమే తూగుతుంది. బండి తేలికైతే చిన్న బ్యాటరీ సరిపోతుంది, బ్యాటరీ చిన్నదైతే బండి మళ్లీ తేలికగానే ఉంటుంది. పైగా వీటిలో కంప్యూటర్లు, సెన్సర్లు లేవు. కొత్త కారులో ఇంజను తీసేస్తే పది వ్యవస్థలు తప్పు చూపి మొరాయిస్తాయి. డూషెవోలో అడిగేవారే ఉండరు. ఇంజను, పొగగొట్టం, పెట్రోలు ట్యాంకు తొలగించి, అసలు గేర్‌బాక్సుకు ఒక లోహపు పలక ద్వారా మోటారును బిగిస్తారు. బ్యాటరీని బానెట్ కింద గాని, ట్యాంకు ఉన్నచోట గాని అమరుస్తారు. మోటారుకు చేరే విద్యుత్తును అదుపుచేసే కంట్రోలరు, లైట్లకు, హారన్‌కు 12 వోల్టుల విద్యుత్తునిచ్చే కన్వర్టరు, చార్జరు ఉంటే ప్రధాన పని ముగిసినట్లే. గేరు కర్ర ఉంటుంది గాని, మోటారుకు సున్నా వేగం నుంచే పూర్తి బలం ఉండడం వల్ల మాటిమాటికీ గేరు మార్చవలసిన పని ఉండదు.

ఇక అండమాన్ దూరాల సంగతి. రాజధాని శ్రీ విజయపురం నుంచి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న ఊరినుంచి, చిడియా టాపు సుమారు 25 కిలోమీటర్లు. వండూరు కూడా రమారమి అంతే. వెళ్లి వచ్చినా బ్యాటరీలో ఇంకా మిగులుతుంది. స్వరాజ్ ద్వీప్‌లో జెట్టీ నుంచి రాధానగర్ బీచ్‌కు పన్నెండు కిలోమీటర్లలోపే. షహీద్ ద్వీప్ ఇంకా చిన్నది. ఉత్తరాన దిగ్లీపూర్ దాకా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు మాత్రం వేరే కథ. రాజధాని నుంచి జిర్కాటాంగ్ చెక్‌పోస్టుకే నలభై కిలోమీటర్లు దాటుతుంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు దాదాపు 50 కిలోమీటర్లు జారవా గిరిజనుల రక్షిత ప్రాంతం గుండా వాహనాలు కాన్వాయ్‌గా వెళ్లాలి. దారిలో ఆగడానికి వీలు లేదు. 80 కిలోమీటర్ల కారుతో జిర్కాటాంగ్ దాటడమంటే అడవి మధ్యలో నిలిచిపోవడమే. కాబట్టి ఇలాంటి బండి ఊరి బండి, దీవి బండి. ట్రంక్ రోడ్డు బండి కాదు.

అసలు లెక్క కరెంటు దగ్గర ఉంది. దేశ గ్రిడ్‌తో ఈ దీవులకు సంబంధం లేదు. ఏ దీవి కరెంటు ఆ దీవిలోనే తయారు కావాలి. అందులో అధికభాగం డీజిలు జనరేటర్లదే. 2001లో దిగ్లీపూర్ దగ్గర కల్పోంగ్ నదిపై 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, 2013లో గారాచర్మాలో ఎన్‌టీపీసీ 5 మెగావాట్ల సౌర కేంద్రం వచ్చాయి. ఆ తరువాత అట్టం పహాడ్, డాలీగంజ్‌లలో ఎన్ఎల్‌సీ సంస్థ 20 మెగావాట్ల సౌర కేంద్రాన్ని, 8 మెగావాట్-అవర్ల బ్యాటరీ నిల్వతో సహా నెలకొల్పింది. అయినా సూర్యుడు అస్తమించాక భారం మళ్లీ డీజిలు మీదే పడుతుంది.

రెనో 4 కిట్ గణాంకాలనే తీసుకుంటే 100 కిలోమీటర్లకు 13.4 యూనిట్లు ఖర్చవుతాయి. చార్జింగులో, తీగలలో పోయేది కలిపితే జనరేటరు దగ్గర దాదాపు 17 యూనిట్లు తయారు చేయాలి. లీటరు డీజిలుకు మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు వస్తాయనుకుంటే, ఆ నూరు కిలోమీటర్లకు 4.2 నుంచి 4.8 లీటర్ల డీజిలు కాలుతుంది. పాత డూషెవో అదే దూరానికి తాగే పెట్రోలు సుమారు 6 లీటర్లు. లీటరు డీజిలు నుంచి 2.7 కిలోలు, పెట్రోలు నుంచి 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే విద్యుత్ కారు లెక్కలో 11 నుంచి 13 కిలోలు, పెట్రోలు కారు లెక్కలో 14 కిలోలకు కొంచెం తక్కువ. ఇంత శ్రమకు, ఇంత ఖర్చుకు వచ్చిన లాభం స్వల్పం. లీటరుకు 20 కిలోమీటర్లు నడిచే నేటి చిన్న పెట్రోలు కారుతో పోల్చితే ఆ స్వల్పలాభం కూడా మిగలదు. పొగ ఊరి నడిబజారులో కాకుండా విద్యుత్ కేంద్రం గొట్టం నుంచి వస్తుంది, అంతే తేడా. దీవులలో యూనిట్ తయారీకయ్యే ఖర్చు వినియోగదారు చెల్లించే ధరకన్నా చాలా ఎక్కువ. ఆ తేడాను ప్రభుత్వమే భరిస్తుంది కనుక, రాత్రిపూట ఇంట్లో చార్జి అయ్యే ప్రతి కారు ప్రజాధనం మీదా కొంత నడుస్తుంది.

ఇంటి కప్పుపై సౌర పలకలు ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది. ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఆ కరెంటుతో ఇలాంటి కారు రోజుకు 25 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది, ఒక్క చుక్క డీజిలు లేకుండా. షరతు ఒకటే: బండిని పగటిపూట చార్జి చేయాలి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, రెండు రుతుపవనాలూ తాకే చోటు కనుక ముసురు రోజులకు ఈ సగటు వర్తించదు.

చట్టం విషయంలో ఫ్రాన్స్‌కూ భారతదేశానికీ చాలా తేడా ఉంది. మన కేంద్ర మోటారు వాహన నిబంధనలు 1990 జనవరి 1న గాని, ఆ తరువాత గాని తయారైన వాహనాలనే పూర్తి విద్యుత్ మార్పిడికి అనుమతిస్తాయి. డూషెవో ఉత్పత్తి 1990 జూలై 27న పోర్చుగల్‌లోని మాంగ్వాల్దె కర్మాగారంలో ముగిసింది. నలభై ఏళ్లకు పైగా సాగిన చరిత్రలో చివరి ఏడు నెలల బండ్లకే ఈ తలుపు తెరచుకుంటుందన్నమాట. మెహారి 1987లోనే ఆగిపోయింది. పోనీ వింటేజ్ వాహనంగా నమోదు చేయిద్దామన్నా కుదరదు. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక సంఖ్య ఇస్తారు. అది అసలు రూపంలోనే ఉండాలి, ఇంజను మార్చకూడదు, నిత్యం రోడ్డుపై తిప్పకూడదు.

కనుక అండమాన్ రోడ్లపై ఈ పద్ధతికి దగ్గరి చుట్టాలు డూషెవోలు కావు, మారుతి కార్లు, ఆటోలు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. మార్పిడి పరిశ్రమలోనూ తెలుగునేలకు వాటా ఉంది. హైదరాబాద్‌లోని ఈ-ట్రియో సంస్థ మారుతి ఆల్టో వంటి కార్లను విద్యుత్ కార్లుగా మార్చే కిట్‌తో దేశంలో తొలివరుసలో నిలిచింది. అయితే 2020 నాటికి ఆ సంస్థ కొత్త విద్యుత్ మూడు చక్రాల బండ్ల తయారీ వైపు మళ్లడం గమనించదగినది. అదే ఏడాది తెలంగాణ విద్యుత్ వాహన విధానం కూడా మార్పిడి రాయితీని కార్లకు కాక ఆటోలకు ఇచ్చింది: ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15,000 రూపాయలు, మొదటి 5,000 ఆటోలకు. రోజంతా తిరిగే బండికే పెట్టుబడి తిరిగివస్తుందన్న అంచనా అందులో కనిపిస్తుంది. రోజుకు పది కిలోమీటర్లు తిరిగే సొంత కారుకు పెట్రోలు ఆదా మీద కిట్ ఖర్చు తిరిగిరావడం కష్టం.

మార్పిడి చేయదలచినవారు పూణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్‌నే, అధీకృత కేంద్రంలోనే బిగించుకోవాలి. ఆ తరువాత రవాణా శాఖ తనిఖీ చేసి రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంధనం వివరం మారుస్తుంది. బీమా సంస్థకూ తెలియజేయాలి. సొంతంగా మోటారు బిగించుకొని తిప్పితే మోటారు వాహన చట్టంలోని 52వ సెక్షన్‌ను ఉల్లంఘించినట్లే. ప్రమాదం జరిగితే బీమా పరిహారమూ చిక్కులో పడుతుంది.

ఉప్పుగాలి మరో పరీక్ష. మెహారి ప్లాస్టిక్ శరీరానికి తుప్పు పట్టదు గాని దాని కింది చట్రం ఇనుమే. ఫ్రాన్స్‌లో చాలామంది మార్పిడికి ముందు జింకుపూత పట్టించిన కొత్త చట్రం వేయిస్తారు. దీవులలో ఏ పాత కారుకైనా ముందు చూడవలసింది అదే. చట్రం తినివేయబడిన బండిలో లక్షల విలువైన బ్యాటరీ పెట్టడం దండుగ. తీగల కలుపులు, కంట్రోలరు పెట్టె నీరు చొరబడనివిగా ఉండాలి. బ్యాటరీ ఆయువు తీరాక దానిని దీవిలో పారవేయడానికి వీలు లేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుది. లిథియం బ్యాటరీని ఓడ రవాణాలో ప్రమాదకర సరుకుగా పరిగణిస్తారు కనుక చెన్నైకో విశాఖపట్నానికో తిరిగి పంపే ఖర్చు ఎవరు భరిస్తారో కిట్ కొనేటప్పుడే ఒప్పందంలో రాయించుకోవడం మంచిది.