ఖాతాలో కనిపించని అప్పు

గండిమైసమ్మ చౌరస్తా నుంచి ఒక దారి బాచుపల్లికి, ఒకటి మేడ్చల్‌కు, ఒకటి నర్సాపూర్‌కు, మరొకటి సూరారం, జీడిమెట్ల మీదుగా బాలానగర్‌కు పోతుంది. మందుల కంపెనీల లెక్కలు చూస్తూ నా ఉద్యోగమంతా ఈ దారుల్లోనే గడిచింది. ఈ ప్రాంతం ఎలా ఎదిగిందని ఎవరైనా అడిగితే, ముందు పాత ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) రిజిస్టర్లు తెరవమంటాను.

1961లో ఏర్పడ్డ ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చినవాళ్లు బయటికొచ్చి సొంత యూనిట్లు పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారూ అక్కడ పనిచేసినవారే. 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం మందుకు కాక, తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఉంచింది. జీడిమెట్ల, బొల్లారం రియాక్టర్లతో నిండడానికి అదీ ఒక కారణం. ముడిసరుకులో చాలా భాగం సముద్రం దాటి రావాలి. ఎక్కడో ఉన్న అమ్మకందారుకు బొల్లారం కంపెనీ ఎవరో తెలియదు, బ్యాంకు మాటే నమ్మకం. అడిగిన కాగితాలు అడిగినట్టు చూపిస్తే డబ్బు మేమిస్తామని బ్యాంకు రాసిచ్చేదే ఎల్‌సీ. డ్రమ్ములో ఏముందో బ్యాంకుకు పట్టదు. 2007 జూలై నుంచి నడుస్తున్న ఎల్‌సీల అంతర్జాతీయ నియమాలు, యూసీపీ 600, కూడా ఆ మాటే చెబుతాయి.

లెక్కల చిక్కంతా ఇక్కడే. ఎల్‌సీ తెరిచిన రోజున కంపెనీ పుస్తకాల్లో పడేది బ్యాంకు దగ్గర ముందుగా ఉంచే మార్జిన్ సొమ్ము, బ్యాంకు కమీషను. అసలు మొత్తం ఏ ఖాతాలోనూ ఉండదు, బ్యాలెన్స్ షీటు నోట్సులో ఒక వరుసగా ఉంటుంది. సరుకు ఓడెక్కాక సంగతి వేరు. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ ఒప్పందాల్లో అప్పటినుంచి నష్టభయం కొన్నవాడిదే. ఓడ రసీదు అయిన బిల్ ఆఫ్ లేడింగ్ మీద మార్చి 28 అని ఉంటే, కంటైనర్ ఏప్రిల్ నెలాఖరుకు సనత్‌నగర్ డిపోకు చేరినా సరే, ఆ సరుకూ ఆ బాకీ మార్చి 31 లెక్కలోకి రావాల్సిందే. గేటు దగ్గరి ఇన్‌వర్డ్ రిజిస్టర్ ఒక్కటే చూసి సంతకం పెడితే దాన్ని నేను ఆడిట్ అనను.

1991 అందరినీ పరీక్షించింది. విదేశీ మారకం అడుగంటడంతో ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు చాలా రకాల దిగుమతులకు నగదు మార్జిన్‌ను 200 శాతం చేసింది. లక్ష రూపాయల సరుకుకు రెండు లక్షలు ముందే కట్టాలి! జూలై 1, 3 తేదీల్లో రూపాయి విలువ తగ్గించారు. డాలరు సుమారు 21 రూపాయల నుంచి 26 దగ్గరికి పోయింది. లక్ష డాలర్ల సరుకు 180 రోజుల గడువు మీద తెచ్చుకున్న కంపెనీకి, కొత్తగా ఏమీ కొనకుండానే దాదాపు 5 లక్షల బాకీ పెరిగినట్టు. గడువు రోజున ఖాతాలో డబ్బు లేకపోతే ఎల్‌సీ డివాల్వ్ అవుతుంది, అంటే బ్యాంకు కట్టేసి కంపెనీ పేరున అప్పు రాసుకుంటుంది. నోట్సులోని వరుస నిజమైన అప్పుగా మారేది అప్పుడే.

అప్పు కనిపించకుండా పోయేది కంపెనీ పుస్తకాల్లోనే కాదు. 2018 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబయి శాఖ మోసం బయటపడింది. ఆ మోసం జరిగింది అండర్‌టేకింగ్ లేఖలతో, అవి ఎల్‌సీకి దాయాదులు. వేరే బ్యాంకులకు స్విఫ్ట్ సందేశాలు వెళ్లాయి, బ్యాంకు సొంత కంప్యూటర్ పుస్తకాల్లో మాత్రం ఎక్కలేదు. మార్చి 13న రిజర్వు బ్యాంకు ఆ లేఖలను నిషేధించి, ఎల్‌సీలను ఉండనిచ్చింది.

ఈ చుట్టుపక్కల ఆడిట్‌కు వెళ్లే కుర్రవాళ్లకు, అమ్మాయిలకు నా మనవి ఒకటే. మార్చి 31 నాటికి తెరిచి ఉన్న ఎల్‌సీల పట్టీని కంపెనీ చేతుల మీదుగా తీసుకోవద్దు, నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకోండి.