విలియం రైనర్

విలియం జి. రైనర్ అమెరికన్ వైద్యుడు. పిల్లల యూరాలజీ, పిల్లల మనోవైద్యం రెండింటిలోనూ శిక్షణ పొందిన అరుదైన నిపుణుడు. మొదట యూరాలజిస్టుగా శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లోనూ, ఓక్లహామా విశ్వవిద్యాలయంలోనూ పిల్లల మనోవైద్యుడిగా పనిచేశారు. జననాంగ లోపాలతో పుట్టి, శస్త్రచికిత్స జరిగిన పిల్లలు పెద్దయ్యాక తమను ఆడవారిగా భావిస్తున్నారా, మగవారిగానా అన్నదే ఆయన పరిశోధనాంశం.

నేపథ్యం

ఆడా మగా అన్న భావన ప్రధానంగా పెంపకంతో ఏర్పడుతుందని జాన్స్ హాప్కిన్స్ మనస్తత్వవేత్త జాన్ మనీ 1950లలో ప్రతిపాదించారు. ఈ వాదం క్లొయాకల్ ఎక్స్‌స్ట్రోఫీ చికిత్సనూ ప్రభావితం చేసింది. లక్షల జననాల్లో ఒకరికి వచ్చే ఈ లోపంలో పొట్ట గోడ మూసుకోక మూత్రాశయం, పేగు బయటపడి ఉంటాయి. మగబిడ్డల్లో పురుషాంగం రెండుగా చీలి, బాగా చిన్నదిగా ఉంటుంది. వృషణాలు మాత్రం సాధారణంగా మామూలుగానే ఉంటాయి. పురుషాంగాన్ని సరిచేయడం కష్టం కనుక, పుట్టిన కొద్ది రోజుల్లోనే వృషణాలు తీసేసి ఆడపిల్లగా పెంచమనేవారు.

2004 అధ్యయనం

యూరాలజిస్టు జాన్ గియర్‌హార్ట్‌తో కలిసి రైనర్ ఇలాంటి 16 మంది పిల్లలను పరిశీలించారు. వారి వయసు 5 నుంచి 16 ఏళ్లు. అందరివీ మగ క్రోమోజోములే. వారిలో 14 మందిని పుట్టినప్పుడే వైద్యులు ఆడపిల్లలుగా నిర్ణయించారు. మిగతా ఇద్దరి తల్లిదండ్రులు అందుకు ఒప్పుకోలేదు. 14 మందిలో 8 మంది తాము మగవారమని ప్రకటించుకున్నారు. ఐదుగురు ఆడపిల్లలుగానే కొనసాగారు. ఒకరు, తాము ఎలా పుట్టారో తెలిశాక, ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడటానికి ఇష్టపడలేదు. పెంపకం ఎలాంటిదైనా, 16 మంది అభిరుచుల్లోనూ మగపిల్లల ధోరణి స్పష్టంగా కనిపించింది.

ఫలితాలు 2004 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. పురుషాంగం లోపించిందన్న కారణంతో మగశిశువును ఆడపిల్లగా నిర్ణయిస్తే ఫలితం ఎలా ఉంటుందో ముందే చెప్పలేమని, ఆ పద్ధతిని పునఃపరిశీలించాలని రచయితలు తేల్చారు.

ప్రభావం, విమర్శ

ఆడా మగా అన్న భావనపై గర్భంలోని హార్మోన్ల ప్రభావానికి ఈ అధ్యయనం బలమైన ఆధారమైంది. అయితే ఐదుగురు ఆడపిల్లలుగానే ఉండిపోవడం వల్ల, హార్మోన్లే సర్వస్వమన్న వాదనా నిలవలేదు. ఇలాంటి కేసులను సమీక్షించిన హైనో మెయర్‌బాల్‌బర్గ్ 2005లో ఇదే ఎత్తిచూపారు. ఇలాంటి పిల్లల చికిత్సపై 2006లో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం, నిపుణులు పరీక్షించకముందే ఆడా మగా అని నిర్ణయించకూడదని, మానసిక నిపుణులున్న బృందం కుటుంబంతో అన్నీ దాపరికం లేకుండా చర్చించాలని సూచించింది. శస్త్రచికిత్స నిపుణుడి నైపుణ్యంతోపాటు పిల్లల మాట వినే ఓపిక కూడా అవసరమన్నది రైనర్ వృత్తి జీవితం చాటిన విషయం.