ఇంటికప్పుమీది సూర్యతాపము: గొట్టములు చెప్పెడి చరిత్ర

సూర్యరశ్మితో నీటిని కాచెడి సాధనము 1973 నాటి చమురు సంక్షోభములో పుట్టినదని కొందఱును, అంతకు మునుపే అమెరికాలో పుట్టి చవుకయైన సహజవాయువు రాకతో నశించినదని మఱికొందఱును వ్రాయుచున్నారు. మొదటి మాట కాలగణనలో తప్పు. రెండవది సగము సత్యము. సూర్యరశ్మిని పట్టెడి గాజుపలకకంటె, నీటిని మోసెడి గొట్టమును, కప్పుమీద దానిని నిలిపెడి కట్టుబడియు ఈ సాధనముయొక్క భాగ్యాభాగ్యములను ఎక్కువగా నిర్ణయించినవని నా నిశ్చయము.

తొలిదశ సర్వవిదితము. 1767లో జెనీవా శాస్త్రజ్ఞుడు సోస్యూర్ గాజు కప్పిన పెట్టెలో ఉష్ణమును బంధించెను. 1891లో బాల్టిమోరు వాసి క్లారెన్స్ కెంప్ నల్లరంగు పూసిన తొట్లను అట్టి పెట్టెలో నమర్చి పేటెంటు పొందెను. కాని నీరు కాగిన చోటనే నిలువయుండుటచేత రాత్రికి చల్లారిపోయెడిది. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ కాచుభాగమును వేఱుచేసి, ఉష్ణరక్షణ గల తొట్టిని దానికంటె ఎత్తున నుంచి, వేడినీరు తేలికయై తనంతట తాను పైకెక్కునట్లు చేసెను.

అసలు పరీక్ష 1913లో వచ్చినది. ఆ యేటి ఆరంభమున దక్షిణ కాలిఫోర్నియాను ముంచిన చలికి గొట్టములలోని నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, గొట్టములను పగులగొట్టెను. అంతట బెయిలీ ఆల్కహాలు కలిపిన నీటిని మూసిన వలయములో తిరుగనిచ్చి, తొట్టిలోని గొట్టపుచుట్టద్వారా వాడుకనీటికి వేడిని అందించెను. 1920లలో సహజవాయువుచే అచ్చటి వ్యాపారము క్షీణించినమాట నిజమే. కాని సాధనము చావలేదు, ఫ్లోరిడాకు తరలెను. తేమకు కొయ్యపెట్టెలు చివికిపోవుటచే చార్లెస్ ఎవాల్డ్ లోహపు పెట్టెను, మెత్తని రాగిగొట్టమును ప్రవేశపెట్టెను. కప్పుపై ఎత్తున నుంచక తప్పని తొట్టిని పొగగొట్టమువలె కనబడునట్లు కప్పిరి. 1941 నాటికి మయామి జనులలో సగమునకు పైగా ఈ నీటినే వాడుచుండిరి.

పిదప రెండవ ప్రపంచయుద్ధము వచ్చి, సైనికేతర వినియోగమునకు రాగి నిషిద్ధమయ్యెను. యుద్ధానంతరము విద్యుత్తు చవుకయు, రాగి ప్రియమును అయ్యెను. ఫ్లోరిడాలో ఈ సాధనము క్షీణించుటకు ఇవి యన్నియు కారణములే. అయినను రాగిగొట్టమును ఉక్కుతొట్టితో నీటిలో కలిపినచోట ఉక్కు క్షయించునన్న సంగతి తఱచు ఒక వాక్యముతో దాటవేయబడుచున్నది. ఏండ్లు గడచిన తొట్లు చిల్లులుపడి కారసాగినపుడు గృహస్థునకు విశ్వాసము సడలకుండునా? ఇదియొక్కటియే కారణమని నేననను. మఱొకవంక, 1950లలో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు హ్యారీ టాబర్ రూపొందించిన నల్లపూత సూర్యరశ్మిని పట్టెడి ఫలకమునకే చెందిన విజయము. 1980 నాటి అచ్చటి చట్టము క్రొత్త ఇండ్లకు ఈ సాధనమును తప్పనిసరి చేసినది. కాని పూతయు చట్టమును కారెడి తొట్టిని కాపాడజాలవు.

ఇక వర్తమానము. తెలుగునాట అనేక ప్రాంతములలో బోరునీరు కఠినము. దాని లవణములు సన్నని గొట్టములలో పొరలుకట్టి ప్రవాహమును అడ్డును. బెయిలీ చలికి కనుగొన్న మూసిన వలయమే దీనికిని ఔషధము. అయినను ధర తక్కువన్న ఆశతో బోరునీటినే నేరుగా పారించెడి సోలార్ హీటర్లను అమర్చుట మన యిండ్లలో కననగును. కప్పుమీది సౌరవిద్యుత్తునకును ఇదే న్యాయము వర్తించును. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము కోటి యిండ్లకు విద్యుత్ ప్యానెళ్లను లక్ష్యించినది. లక్ష్యము ప్రశంసనీయమే; కాని కిలోవాట్ల లెక్కకున్న గౌరవము బిగింపులకు లేకపోవుట నాకు సమ్మతము కాదు. 2014లో హుద్‌హుద్ తుఫాను తాకిన విశాఖతీరమున గాలిబలమును లెక్కింపని చట్రము నిలువదు. ఉప్పుగాలిలో అల్యూమినియమును ఉక్కును నేరుగా తాకనిచ్చినచో మయామి తొట్టిని తినిన క్షయమే ఇచటను పుట్టును.

కావున ప్యానెలు ఎన్ని వాట్లదని అడిగెడి గృహస్థుడు, చట్రము ఏ లోహమో, మరలు ఏ లోహమో, కప్పులో వేసిన రంధ్రమును ఎట్లు మూసిరో, హీటరు కొనునపుడు తన యింటి నీరెంత కఠినమో కూడ విచారించి మఱి కొనవలెను.