తగరపు తల చేప, కొండవాగు దోమ

మన లొంకాంగులలో గుంపులుగా తిరిగే గప్పీ చేపను చూడని పిల్లవాడు ఈ దేశంలో ఉండడు. అయితే అది ఈ నేలది కాదు. దక్షిణ అమెరికా ఉత్తర భాగమూ, ట్రినిడాడ్ దీవీ దాని పుట్టినిల్లు. (ఆ ట్రినిడాడ్‌కు కూడా భారతీయులు ఒప్పందపు కూలీలుగానే ఓడలెక్కి వెళ్ళారు.) దోమ లార్వాలను తింటుందన్న పేరుతోనే గప్పీ, దాని బంధువైన గంబూసియా దేశదేశాలకు చేరాయి. వాటికంటె ముందే ఆ పని చేసే చేప మలయాలో ఉన్నది. నెత్తిమీద వెండిచుక్క మెరిసే ఆ చిన్న చేపను మలయులు ఈకాన్ కెపాలా తిమా అంటారు; తగరపు తల చేప అని అర్థం. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది కనుక నీటి పైభాగాన వ్రేలాడే లార్వాను సులభంగా అందుకుంటుంది. తీరప్రాంతపు ఉప్పునీటి కాలువలలో సైతం బ్రతుకుతుంది.

మరి ఇటువంటి చేప ఉండగా మన పూర్వీకులు చలిజ్వరంతో ఎందుకు మరణించారు?

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. తెలుగునేల మీద తేలిన ఆ సత్యాన్ని 1901లో క్లాంగులో ప్రభుత్వ వైద్యుడు మాల్కం వాట్సన్ ఆచరణలో పెట్టాడు. చిత్తడినేలలలో కాలువలు త్రవ్వించి నీటిని తీయించగా జ్వరం తగ్గింది. కానీ రబ్బరు కొండలలో ఆ లెక్క తప్పింది. అక్కడ అడవిని నరికి లోయలకు ఎండ తగలనిచ్చిన కొద్దీ జ్వరం పెరిగింది! కొండల దోమ అయిన అనాఫిలిస్ మాక్యులేటస్‌కు ఎండ తగిలే తేటనీరే ఇష్టం. రాళ్ళ సందున ఊరే పలుచని నీటి జాలులో, వ్రేలి మందం లేని ధారలో అది గుడ్లు పెడుతుంది. అక్కడ చేప ఈదలేదు.

అందువలన భూమిలోపల గొట్టాలు పరచి ఊటనీటిని దాచవలసి వచ్చింది. కాలువలపై నూనె చల్లవలసి వచ్చింది. ఆ పార పట్టినవారూ, ఆ నూనె డబ్బా మోసినవారూ మన తాతల తరం కూలీలే. 1910లో ఒప్పందపు వలస ఆగింది, జ్వరం మాత్రం ఆగలేదు. వాట్సన్ తన అనుభవాన్ని 1911లో గ్రంథంగా ప్రకటించాడు; పార పట్టినవారి పేర్లను ఇంటి పెద్దలను అడిగి మనమే వ్రాసుకోవాలి.

చేపను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. బావిలో, కుంటలో, నీళ్ళ తొట్టిలో దానికి సాటి లేదు. అయితే ఒడ్డున నాచు, కలుపు పెరిగితే లార్వా వాటి చాటున దాగుతుంది, చేపకు అందదు. గంబూసియాను వాగులలో వదలడం మాకు సమ్మతం కాదు. అది స్థానిక చేపల గుడ్లను తింటుంది, రెక్కలు కొరుకుతుంది. ఇక నేటి డెంగీ దోమ పూలకుండీ క్రింది పళ్ళెంలోని కొద్దిపాటి నీటిలోనే పుడుతుంది. దానికి చేప అక్కర లేదు, వారానికొకసారి ఆ నీరు పారబోస్తే చాలు.