మన ఊరికి నీరు, రైలు

టోయిటోయి గడ్డి పెరిగే చదునులో 1875లో రైలుస్టేషను వెలిసింది. దానిచుట్టూ పెరిగిన ఊరే మన పాపటోయిటోయి. 1946లో బరో, 1965లో నగరం, 1989లో మానుకావులో భాగం. 2010 నుంచి ఆక్లండు మహానగరంలో ఒక పేట. ఇంత పెరుగుదలకు నీరెలా అందింది, దారెలా దొరికింది అని మనం అంతగా తలచుకోము.

నీటికోసం ఆగ్నేయాన హునువా కొండల్లో 1955 నుంచి 1977లోగా నాలుగు ఆనకట్టలు కట్టారు. అయినా 1994 కరువులో జలాశయాలు బాగా తగ్గిపోయాయి. ఆ భయంతోనే వైకాటో నదికి గొట్టం వేశారు. 2002లో ఆ నీరు నగరానికి చేరింది. ఆ నదిని తమ పూర్వుడుగా తలచే మావోరీలున్నారు. గోదావరిని తల్లి అనే మనకు ఆ మాట కొత్తకాదు. హైదరాబాదూ అంతే: 1920నాటి ఉస్మాన్‌సాగరు, 1927నాటి హిమాయత్‌సాగరు చాలక మంజీరకూ, కృష్ణకూ చేయి చాచింది.

దారి కథ వేరు. 1959లో నాలుగు వరుసలతో తెరిచిన హార్బరు వంతెనను పదేళ్లకే ఎనిమిది వరుసలు చేశారు. మేయరు రాబిన్సన్ పట్టుబట్టిన వేగరైలు పథకం మాత్రం 1970లలో అటకెక్కింది. ఇక్కడి పట్టాలపై విద్యుత్ రైళ్లు నడిచింది 2014లోనే.

ఎందుకీ తేడా? కుళాయి ఎండితే అందరికీ ఒకేసారి తెలుస్తుంది. రైలు లేకపోతే ఎవరికి వారం కారు కొనుక్కుని ఊరుకుంటాం. ఆ కార్లన్నీ ఒకే రోడ్డుమీద నిలిచిపోయినప్పుడుగాని, అదీ ఒక కరువేనని తోచదు.